హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి ఎంత దూరం, ఎన్ని గంటలు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అమ్మానాన్నలు మొదటిసారి డల్లాస్ వస్తున్నారు. నెట్‌లో వెతికితే దూరం 14,400 కిలోమీటర్లు, విమానంలో 16 గంటల 30 నిమిషాలు అని చూపిస్తోంది. టికెట్ చూస్తే తెల్లవారుజామున 4 గంటలకు శంషాబాద్‌లో ఎక్కి, అదే తేదీన సాయంత్రం 4 గంటలకు డల్లాస్‌లో దిగుతారని ఉంది. ఏజెంటేమో ఇరవై రెండున్నర గంటలు అంటున్నాడు. వీటిలో ఏది నిజం, దోహా మీదుగా వెళ్తే చుట్టు ఎంత పడుతుంది, అసలు నేరుగా విమానం ఎందుకు లేదు?

మూడు అంకెలూ నిజమే. కాకపోతే మీ అమ్మానాన్నలకు పనికొచ్చేది ఏజెంటు చెప్పింది ఒక్కటే. నేను చాలా ఏళ్ళు ఫ్లైట్ డిస్పాచ్‌లో పనిచేశాను. విమానం ఏ దారిన పోవాలి, ఎంత ఇంధనం నింపాలి, దారిలో ఏదైనా అయితే ఎక్కడ దిగాలి అని నేల మీద కూర్చుని లెక్కలు వేసే ఉద్యోగం అది. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

ముందు దూరం. ఈ రెండు ఊళ్ళ విషయంలో ఒక విచిత్రం ఉంది. హైదరాబాద్ దాదాపు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డల్లాస్ 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద. రెండూ కలిపితే 175. అంటే భూగోళానికి ఒకటి ఈ వైపు ఉంటే రెండోది దాదాపు సరిగ్గా ఆ వైపు. తూర్పుగా వెళ్ళినా పడమరగా వెళ్ళినా ఒకటే. మరి దగ్గర దారి ఎటు? ఉత్తరానికి. గ్లోబు దొరికితే రెండు ఊళ్ళ మీదా వేళ్ళు పెట్టి మధ్యలో దారం బిగించి లాగండి, ఉత్తర ధ్రువం పక్కకు వచ్చి ఆగుతుంది. గోడ మీద పటం చూసి అట్లాంటిక్ దాటాలనో పసిఫిక్ దాటాలనో అనుకుంటాం గానీ, దగ్గర దారిలో ఆ రెండూ తగలవు.

కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు, కాగితం మీద చేసుకోవచ్చు. శంషాబాద్ అక్షాంశం 17.2 డిగ్రీలు, అక్కణ్ణుంచి ధ్రువానికి 72.8 డిగ్రీలు. డల్లాస్ విమానాశ్రయం అక్షాంశం 32.9, ధ్రువం నుంచి అక్కడికి 57.1. కలిపితే 129.9. ఒక డిగ్రీకి 111.2 కి.మీ. చొప్పున సుమారు 14,440 కి.మీ. పక్కాగా లెక్కేస్తే దారి ధ్రువానికి ఐదు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంగా పోతుంది కాబట్టి ఇంకో ఇరవై కిలోమీటర్లు తగ్గి 14,420 వస్తుంది. భూమి మీద ఏ రెండు ఊళ్ళ మధ్యా దూరం ఇంచుమించు 20,000 కి.మీ. దాటదు. అందులో ముప్పాతిక భాగానికి కొంచెం తక్కువన్నమాట.

ఈ గీత మీదే విమానం పోయేట్టయితే దారిలో కింద ఏముంటుందో తెలుసా? శంషాబాద్‌లో లేచి ఢిల్లీ నెత్తి మీదుగా లడఖ్, కారకోరం కొండలు దాటి, కిర్గిజ్‌స్తాన్, కజకిస్తాన్, పశ్చిమ సైబీరియా, ఆ పైన గడ్డకట్టిన కారా సముద్రం. ధ్రువం పక్కనుంచి తిరిగి కెనడా మంచు ద్వీపాల మీదుగా దిగి, మినెసోటా, ఓక్లహోమా దాటి డల్లాస్. గంటకు 900 కి.మీ. వేగంతో 16 గంటలు, ఎక్కడానికీ దిగడానికీ ఇంకో అరగంట. నెట్‌లో మీరు చూసిన పదహారున్నర ఇలా వచ్చిందే. దూరాన్ని వేగంతో భాగించి చూపిస్తారు. గాలి ఎటు వీస్తోంది, ఏ దేశం మీదుగా పోనిస్తారు, అసలు అలాంటి విమానం ఒకటుందా లేదా అన్నవి ఆ లెక్కలో ఉండవు.

ఇక టికెట్ మీది అంకె. నాలుగింటికి ఎక్కి నాలుగింటికి దిగడం చూసి పన్నెండు గంటలే అనుకుంటారు చాలామంది, ముఖ్యంగా పెద్దవాళ్ళు. టికెట్ మీద టైము ఎప్పుడూ ఏ ఊరిది ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనుక. మిగతా చలికాలమంతా పదకొండున్నర. మీరు పెట్టింది మే నెల టికెట్ కాబట్టి పదిన్నర తీసుకుందాం. డల్లాస్‌లో సాయంత్రం 4 అంటే ఇక్కడ మర్నాడు తెల్లవారుజామున 2:30. నాలుగింటి నుంచి మర్నాడు రెండున్నర దాకా ఇరవై రెండున్నర గంటలు. ఏజెంటు లెక్క సరిపోయింది. ఇవే టైములు జనవరి టికెట్ మీద కనబడితే ఇరవై మూడున్నర అని చదువుకోవాలి.

అందులో ఏ ముక్క ఎంతో చూద్దాం. శంషాబాద్ నుంచి దోహా 2,910 కి.మీ., నాలుగ్గంటల ఇరవై నిమిషాలు. దోహా మనకంటే రెండున్నర గంటలు వెనుక కాబట్టి అక్కడ 5:50కి దిగుతారు. రెండు గంటల పది నిమిషాలు ఆగి, ఎనిమిదింటికి రెండో విమానం. దోహా నుంచి డల్లాస్ 12,750 కి.మీ., పదహారు గంటలు. పొద్దున్న ఎనిమిదింటికి ఎక్కి సాయంత్రం నాలుగింటికి దిగుతారు, సూర్యుడి వెంట పడమరగా పోతూ ఉంటారు. మే నెలలో కిటికీ తెర ఎత్తినప్పుడల్లా ఎండే కనిపిస్తుంది. ఇది ముందే చెప్పి ఉంచండి. "రాత్రి ఎప్పుడవుతుంది, పడుకోవాలి" అని నాన్నగారు ఎదురుచూస్తూ కూర్చుంటే మొత్తం పదహారు గంటలూ మెలకువే.

చుట్టు ఎంతన్నది మీ అసలు అనుమానం కదా. దోహా మీదుగా మొత్తం 15,660 కి.మీ. నేరు దారి కంటే 1,240 ఎక్కువ. ఇది విని దోహా వద్దనుకుంటారేమో, మిగతావీ చూడండి. దుబాయి మీదుగా 15,490. లండన్ మీదుగా 15,380. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా కూడా అంతే, 15,370. అన్నిటికంటే ఎక్కువకీ తక్కువకీ మధ్య తేడా మూడు వందల కిలోమీటర్లు లేదు, గాలిలో ఇరవై నిమిషాల పని. అంచేత ఏ ఊరి మీదుగా వెళ్తే దగ్గర అని బుర్ర పాడుచేసుకోకండి. ఈ ప్రయాణంలో గంటలు పెరిగేదీ తరిగేదీ ఆగే చోటే. అదే విమానాలు, అదే దూరం, మధ్యలో రెండు గంటలు ఆగితే 22, పది గంటలు ఆగితే 30. అగ్గువ టికెట్లలో ఎక్కువ భాగం ఈ రెండో రకానివి.

ఐరోపా మీదుగా వెళ్ళడంలో ఒక సుఖం ఉంది. ప్రయాణం రెండు ఇంచుమించు సమానమైన ముక్కలవుతుంది, ఒక్కోటి పది గంటల చిల్లర. గల్ఫ్ మీదుగా అయితే ఒకటి నాలుగు, ఒకటి పదహారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు నేను మొదటిదే చెబుతాను, పదహారు గంటలు ఒకే సీట్లో కూర్చోవడం మామూలు విషయం కాదు. పెద్దగా నొప్పుల్లేనివాళ్ళకు గల్ఫే నయం, సగం విమానం మనవాళ్ళే ఉంటారు, పక్కన ఎవరో ఒకరు తెలుగు మాట్లాడతారు. మీ అమ్మానాన్నల పాస్‌పోర్టుల్లో అమెరికా వీసా కొత్తగా ఉంది కాబట్టి మామూలుగా ఎటైనా పర్వాలేదు. కానీ మీరు స్వయంగా ఇండియా వచ్చేటప్పుడు, వీసా స్టాంపింగ్ గడువు అయిపోయి ఉంటే, ఐరోపా మీదుగా టికెట్ కొనేముందు ట్రాన్సిట్ వీసా నిబంధన తప్పకుండా చూసుకోండి. చేతిలో ఐ-797 (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే అనుమతి) కాగితం ఉంటే చాలనుకుని డల్లాస్ కౌంటర్ దగ్గర ఆగిపోయినవాళ్ళున్నారు.

నేరుగా విమానం ఎందుకు లేదన్నది నాకు ఇష్టమైన ప్రశ్న, కాస్త ఓపిక పట్టండి.

విమానాలకు అంత దూరం పోయే శక్తి లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్ 15,300 కి.మీ. పైనే, సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఆగకుండా నడుపుతోంది, పద్దెనిమిది గంటలు దాటుతుంది. మన దగ్గరే చూసుకుంటే 2021 జనవరిలో ఎయిరిండియా బోయింగ్ 777-200ఎల్ఆర్ విమానంతో హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా సర్వీసు మొదలుపెట్టింది. దూరం 13,300 కి.మీ. తర్వాత ఆగిపోయింది. అదే నెల 9న శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు బయల్దేరిన మొదటి విమానాన్ని మొత్తం మహిళా పైలట్లే ఉత్తర ధ్రువం మీదుగా నడిపారు. కెప్టెన్ జోయా అగర్వాల్ పేరు అందరూ విన్నారు, ఆ కాక్‌పిట్‌లో పాపగారి తన్మయి కూడా ఉన్నారు. ఆ దారి దాదాపు 14,000 కి.మీ. డల్లాస్ దానికి నాలుగు వందల కిలోమీటర్లే ఎక్కువ.

మరి అడ్డం ఏమిటంటే, ఒకటి కాదు. మొదటిది ఆ కారకోరం. విమానంలో గాలి పీడనం ఉన్నట్టుండి పడిపోతే పైలట్ వెంటనే పది వేల అడుగుల దరిదాపులకు దించాలి. సీటు పైనుంచి జారే మాస్కుల్లో ఆక్సిజన్ నిమిషాల లెక్కన వస్తుంది గానీ గంటల లెక్కన కాదు. కింద కొండలే ఇరవై, ఇరవై అయిదు వేల అడుగులుంటే ఎక్కడికి దించుతాం? అందుకే హిమాలయం, టిబెట్, కారకోరం మీదుగా గీసే ప్రతి దారికీ, ఇక్కడ పీడనం పోతే ఇటు తప్పించుకోవాలి అని ముక్కముక్కకూ ముందే రాసుకోవాలి. చాలా చోట్ల అలాంటి దారి దొరకదు, పడమరగా చుట్టు తిరగాలి. ఆ పడమర పాకిస్తాన్. 2025 ఏప్రిల్ 24న వాళ్ళు మన విమాన సంస్థలకు తమ గగనతలం మూసేశారు. అమెరికా సంస్థలకైతే 2022 నుంచి రష్యా ఆకాశం మూత. పోగలిగినవాళ్ళకు కొండ అడ్డం, కొండ తప్పించగలిగినవాళ్ళకు దేశాలు అడ్డం.

రెండోది ధ్రువం. అక్కడ బయట గాలి మరీ చల్లబడితే రెక్కల్లోని ఇంధనం చిక్కబడే ప్రమాదం ఉంది. మన దగ్గర నింపే జెట్ ఎ-1 గడ్డకట్టే ఉష్ణోగ్రత మైనస్ 47 డిగ్రీలు. అమెరికాలో ఎక్కువగా నింపే జెట్ ఎ అయితే మైనస్ 40కే. అంటే ఇక్కణ్ణుంచి వెళ్ళేటప్పటి కంటే అక్కణ్ణుంచి వచ్చేటప్పుడు డిస్పాచ్‌వాళ్ళకు గుబులెక్కువ. ఇంధనం చల్లబడిపోతుంటే కిందికి దిగడమో, వేగం పెంచడమో చేయాలి, రెండింటికీ ఖర్చు అదనం. 82 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటాక మామూలు సమాచార ఉపగ్రహాలు అందవు, పాతకాలపు హెచ్ఎఫ్ రేడియో గరగరల్లో మాట్లాడుకోవాలి. దారిలో దిగాల్సి వస్తే ప్రయాణికుల్ని అక్కణ్ణుంచి ఎలా తీసుకురావాలో ముందే పథకం వేసుకోవాలి. అమెరికా నిబంధనల ప్రకారం విమానంలో కనీసం రెండు చలి సూట్లు కూడా పెట్టుకోవాలి, ఎవరైనా ఒకరు తలుపు తెరిచి కిందికి దిగాలిగా.

ఇదంతా కాగితం మీది జాగ్రత్త అనుకోకండి. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిరిండియా విమానానికి ఇంజన్‌లో లోపం వచ్చి రష్యా తూర్పు కొసన మగదాన్‌లో దిగింది. రెండు వందల మందికి పైగా, చిన్న ఊరు, సరిపడా హోటళ్ళు లేక స్కూల్లో కూడా పడుకోబెట్టారు. ఇంకో విమానం వచ్చి వాళ్ళను శాన్ ఫ్రాన్సిస్కో చేర్చేసరికి 8వ తేదీ అయింది. పైలట్లు చేసింది పూర్తిగా సరైన పని. పెద్ద ఊళ్ళు లేని దారిన పోతే ఖరీదు ఇలా ఉంటుందని చెబుతున్నానంతే.

మూడోది డబ్బు, నన్నడిగితే అసలు కారణం ఇదే. 777-200ఎల్ఆర్ నిండుగా లేచేటప్పటి బరువు 347 టన్నులైతే అందులో ఇంధనమే 145 టన్నుల దాకా ఉండొచ్చు. గంటకు ఏడెనిమిది టన్నులు కాలుతుంది, అందులో కొంత భాగం మిగతా ఇంధనాన్ని మోయడానికే కాలుతుంది. దూరం పెరిగేకొద్దీ సీట్లు ఖాళీగా పెట్టాలి, లేదా సరుకు దించాలి. సింగపూర్–న్యూయార్క్ విమానంలో ఉన్నవి 161 సీట్లే, ఎకానమీ అసలు లేదు. ముందు సీట్లలో కూర్చునే బ్యాంకర్లు, కంపెనీవాళ్ళు దాన్ని బతికిస్తున్నారు. హైదరాబాద్–డల్లాస్ జనం వేరు. చదువుకోవడానికి వెళ్ళే పిల్లలు, మనవల్ని చూడ్డానికి వెళ్ళే అమ్మమ్మలు, రెండు పెట్టెలకు ఒక్కోటి 23 కిలోలు సరిగ్గా తూచి ఆవకాయ సర్దేవాళ్ళు. విమానం నిండుతుంది గానీ ముందు భాగం నిండదు. డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో, ఫ్రిస్కోలో ఎంతమంది తెలుగువాళ్ళున్నా ఈ లెక్క మారనంత కాలం నేరు విమానం కష్టం. వచ్చినా మీకు మిగిలేది ఐదారు గంటలు.

వెనక్కి వచ్చేటప్పుడు ప్రయాణం కొంత తగ్గుతుంది. ముప్పై, నలభై వేల అడుగుల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి వీస్తుంటుంది, చలికాలంలో మరీ జోరు. వెళ్ళేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు వెనుక నుంచి తోస్తుంది. డల్లాస్ నుంచి దోహాకు పద్నాలుగున్నర, పదిహేను గంటల్లో వచ్చేస్తారు. పైలట్లు వెళ్ళేటప్పుడు ఆ గాలిని తప్పించుకోవడానికి, వచ్చేటప్పుడు అందుకోవడానికి చూస్తారు కాబట్టి రెండు దారులూ ఒకటి కావు. సీటు ముందు తెరలో నిన్న గ్రీన్‌లాండ్, ఇవాళ అట్లాంటిక్ కనబడితే కంగారు పడక్కర్లేదు. గీత ఎప్పుడూ గ్లోబు మీది దారంలా ఉండదు. ఉక్రెయిన్ ఆకాశం 2022 ఫిబ్రవరి నుంచి మూసి ఉంది కాబట్టి దోహా నుంచి వెళ్ళే విమానం దాన్ని తప్పించుకుని పోవాలి. 2025 జూన్ 23 రాత్రి కతార్ తన గగనతలాన్నే కొన్ని గంటలు మూసేసింది, దోహా వెళ్ళాల్సిన విమానాలు దారి మళ్ళాయి. ప్రయాణం వారం ఉందనగా గల్ఫ్ వార్తలు ఒకసారి చూసుకోవడం మంచిది.

మీరు పంపిన టికెట్ గురించి రెండు మాటలు. దోహాలో రెండు గంటల పది నిమిషాలు అన్నది కుర్రాళ్ళకు బాగానే సరిపోతుంది. మొదటిసారి వెళ్ళే పెద్దవాళ్ళకు మూడు, మూడున్నర ఉంటే నాకు నచ్చుతుంది. అమెరికా విమానాలకు గేటు దగ్గర మళ్ళీ తనిఖీ ఉంటుంది, గేటు ముందే మూసేస్తారు. మార్చుకునే వీలుంటే మార్చండి, లేకపోతే వీల్‌చైర్ పెట్టించండి. నడవగలిగినా సరే, నామోషీ పడొద్దని చెప్పండి, దారి చూపించే మనిషి దొరుకుతాడు. వీల్‌చైర్ రెండు విమానాలకూ విడివిడిగా నమోదైందో లేదో చూసుకోండి, ఒకదానికే పడిపోయి ఉండటం మామూలే. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్‌లో ఉన్నాయా అన్నది అన్నిటికంటే ముఖ్యం. ఒకటే అయితే మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా వేరే విమానంలో పంపే బాధ్యత వాళ్ళదే. రెండు వేర్వేరు టికెట్లు కలిపి కొన్నదైతే ఆ బాధ్యత ఎవరిదీ కాదు.

ఇంటి నుంచి ఇంటికి లెక్క కూడా చెప్పండి వాళ్ళకు. విజయవాడ నుంచి శంషాబాద్‌కు కారులో ఐదారు గంటలు, విమానానికి మూడు గంటల ముందు చేరాలి. డల్లాస్‌లో ఇమిగ్రేషన్, సామాను కలిపి గంట నుంచి రెండు గంటలు, అక్కణ్ణుంచి ఫ్రిస్కో ముప్పావుగంట. ఇరవై రెండున్నర కాస్తా ముప్పై రెండు నుంచి ముప్పై నాలుగు అవుతుంది. బీపీ, షుగరు మాత్రలు చేతి సంచిలో ఉండాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళయితే ఏ గంటకు ఏ డోసు అన్నది డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. పగలంతా సాగే ప్రయాణంలో "పొద్దున్న, రాత్రి" అన్న మాటలు పనిచేయవు. రెండు గంటలకోసారి లేచి విమానంలోనే నాలుగడుగులు వేయమనండి, లేకపోతే కాళ్ళు వాచి చెప్పులు పట్టవు.

తిరుగు టికెట్ తీసేటప్పుడు తేదీ జాగ్రత్త. శనివారం సాయంత్రం 7 గంటలకు డల్లాస్‌లో ఎక్కితే అప్పటికే ఇక్కడ ఆదివారం పొద్దున్న 5:30. ఇరవై రెండు గంటల ప్రయాణం తర్వాత దిగేది సోమవారం తెల్లవారుజామున 3:30కి. శంషాబాద్‌కు కారు పంపే మీ బాబాయిగారికి "ఆదివారం రాత్రి" అని చెప్పకండి, "సోమవారం, 3:30, తెల్లవారుజాము" అని తేదీతో సహా మెసేజ్ పెట్టండి.